జేబులో తాటాకు

శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూరు పోషణ, జయంతి రామయ్య పంతులు శ్రమ, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పూనిక కలిసి మొదలైన ఆ పని ఎనిమిది సంపుటాలుగా ముగియడానికి ఆ తరవాత మరో ముప్ఫై ఏళ్లకు పైనే పట్టింది. అంతటి పుస్తకాన్ని పోషించిన ఊళ్లో, చొక్కా జేబులో ఇమిడిపోయే 74 గ్రాముల చదువు యంత్రం గురించి వాదించుకోవడం కొందరికి చిన్న సంగతిగా తోచవచ్చు. నాకలా అనిపించదు. నిఘంటువు వెనకా ఈ యంత్రం వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే. తెలుగు అక్షరాన్ని చదివేవాళ్ల ముందుకు సరిగ్గా తెచ్చిపెట్టే పని ఎవరిది? దాని మీద ఇద్దరి చేత మాట్లాడించాను. ఒకరు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, రెండోవాడు అచ్చాఫీసులో డీటీపీ చేసే ఆపరేటరు. మనుషులు కల్పితం. వాదాలు మాత్రం పుస్తకాలున్న ఏ ఇంట్లోనైనా పుట్టేవే.

మాస్టారు: ఏమోయ్, నువ్వు చెప్పే ఆ ఎక్స్‌టీంక్ ఎక్స్4 తెర 4.3 అంగుళాలు. అది మూల నుంచి మూలకు కొలిచిన కొలత. అడ్డంగా చూస్తే అయిదున్నర సెంటీమీటర్లు. తెలుగక్షరం ఇంగ్లీషక్షరంలా సన్నగా నిలబడదు, గుండ్రంగా పరుచుకుంటుంది. పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు మోస్తుంది. కళ్లు చిట్లించకుండా చదవాలంటే అక్షరానికి మూడున్నర మిల్లీమీటర్లు వేసుకో. అంచులు పోగా వరసకు పదిహేను అక్షరాలు పడతాయి. ‘చెప్పుకోవలసివచ్చినప్పటికీ’ అన్న ఒక్క మాటకే పన్నెండు చెల్లిపోతాయి. పక్కన ఇంకో మాట పట్టదు, వరస చివర గండి పడుతుంది. ‘సాక్షి’ రాసిన పానుగంటి వారి వాక్యం ఒక్కటి చదవడానికి ఎన్నిసార్లు మీట నొక్కాలి? ఫోను ఎలాగూ జేబులో ఉంది. దాని తెర ఇంతకన్నా పెద్దది, దానికి తెలుగు కూడా వచ్చు. మరో వస్తువు దేనికి?

ఆపరేటరు: లెక్క సరిగ్గానే వేశారండి. వరసకు పదిహేను అక్షరాలు, పుటకు పద్నాలుగో పదిహేనో వరసలు. అటూ ఇటూగా యాభై మాటలు. కానీ చిన్న పుట మనకు కొత్త కాదు కదా మాస్టారూ. 1960లలో ఎమెస్కో వారు పాకెట్ పుస్తకాలు వేస్తే రైళ్లలోనూ బస్సుల్లోనూ జనం వాటిని విప్పుకుని కూర్చున్నారు. పుట చిన్నదైందని నవల చిన్నబోలేదు. వరస చివర గండి పడేది రెండువైపులా సమంగా రావాలని పట్టుబడితేనే. ఎడమవైపు మాత్రమే సరిపెట్టి కుడివైపు వదిలేస్తే మాటల మధ్య దూరం చెడదు. ఇక ఫోను సంగతి. దాని తెర వెలుతురు చిమ్ముతుంది, దీని తెర చిమ్మదు. ఇందులో సన్నని గుళికలుంటాయి, వాటిల్లో నల్ల రేణువులు, తెల్ల రేణువులు. కరెంటు తగిలితే పైకీ కిందికీ కదులుతాయి, కదిలాక అలాగే నిలిచిపోతాయి. పుట మారినప్పుడే బ్యాటరీ ఖర్చు. ఏప్రిల్ ఎండలో సామర్లకోట ప్లాట్‌ఫారం మీద ఫోను తెర వెలవెలబోతుంది, ఇది మాత్రం కాగితంలాగే ఎండ ఎక్కువైన కొద్దీ స్పష్టమవుతుంది. చదువుతుండగా మధ్యలో మోగదు, ఎవరి కబురూ తేదు. ఆ మాట అందరూ చెప్పేదే కాబట్టి అక్కడితో వదిలేస్తాను. అసలు చిక్కు తెర కొలతలో లేదండి, లోపలి చిప్పులో ఉంది.

మాస్టారు: ఏమిటా చిక్కు?

ఆపరేటరు: ఇందులో ఉన్నది ఇఎస్‌పీ32-సీ3 అనే చిన్న చిప్పు. దాని మెమరీ మొత్తం 400 కిలోబైట్లు. ఇంగ్లీషు చూపించడానికి ఆ మాత్రం చాలు, ఎందుకంటే అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే సరిపోతుంది. తెలుగు అలా కుదరదు. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలు. కంప్యూటరు దాచుకునేటప్పుడు మాత్రం ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఏడింటినీ చూసి, పొల్లులు మింగేసి, షకారాన్ని కకారంతో కలిపి, మకారాన్ని ఒత్తుగా కిందికి దించి, గుడిని పైకెక్కించే నేర్పు విడిగా ఒక ప్రోగ్రాంకు ఉండాలి. ఫోన్లలో, కంప్యూటర్లలో అది ఉంది. కోబో లాంటి పెద్ద చదువు యంత్రాల్లో కేఓరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే అక్కడా ఉంటుంది. ఈ చిన్నదానిలో లేదు. నేరుగా ఈపబ్ అనే రకం తెలుగు ఈ-పుస్తకం ఫైలు వేస్తే డబ్బాలు కనబడతాయి, లేదంటే పొల్లులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. కాబట్టి పుటను ఇంటి దగ్గరే, కంప్యూటర్లోనే కూర్చేయాలి. 480 చుక్కల వెడల్పు, 800 చుక్కల ఎత్తు. ఆ కొలతకు పుట కట్టి, ఫాంటు ఎంచి, వరసలు విరిచి, పుట పుటనూ నలుపు తెలుపు బొమ్మగా మార్చి, ఎక్స్‌టీసీ అనే ఫైలుగా మెమరీ కార్డులోకి ఎక్కించాలి. యంత్రం చేయాల్సిందల్లా ఆ బొమ్మను చూపడమే.

మాస్టారు: అంటే దానికి తెలుగు రాదని నువ్వే ఒప్పుకున్నావు. తెలుగు రాని యంత్రాన్ని కొని, తెలుగు నేర్పడం మానేసి, బొమ్మలు చూపించుకోవడమా? పైగా ఒకసారి కూర్చాక అక్షరం పెద్దది చేసుకోవడం కుదరదు. శుక్లాల ఆపరేషన్ అయిన నా బోటివాడికి ఎలక్ట్రానిక్ పుస్తకం వల్ల కలిగే ఒకే ఒక్క లాభం అది. దాన్నీ తీసేశావు. మాటను వెతకడం లేదు, అర్థం చూడటం లేదు. పుస్తకానికున్న బరువు పోయింది సరే, ఎలక్ట్రానిక్ పుస్తకానికున్న సుళువు కూడా పోయింది.

ఆపరేటరు: కాగితానికీ తెలుగు రాదండి. తెలుగు వచ్చింది కంపోజిటరుకి. కేసులోంచి అక్షరం తీసి, ఒత్తు చూసి, వరస కట్టింది మనిషి. కాగితం మోసింది అంతే. ఈ యంత్రాన్ని నేను కంప్యూటర్ల జాబితాలో వేయనండి, కాగితం జాబితాలో వేస్తాను. అక్షరం సైజు అడిగారు. పెద్దక్షరాలతో రెండో కూర్పు కట్టి పక్కన పెడితే అయిపోతుంది, దానికి పట్టేది కొద్ది నిమిషాలు. చోటుకు కొదవ లేదు. నలుపు తెలుపు పుట ఒక్కోటి 48 కిలోబైట్లు. యాభై వేల మాటల నవల వెయ్యి పుటలవుతుంది, అంటే 48 మెగాబైట్లు. 32 జీబీ కార్డులో అలాంటివి ఆరు వందలకు పైగా పడతాయి. వెతకడం పోయిందన్నది నిజం, దాన్ని కాదనను. అందుకే అసలు పాఠాన్ని ఎప్పుడూ యూనికోడ్‌లో విడిగా ఉంచుకోవాలి. బొమ్మ పుట పారేసినా ఫరవాలేదు, మూలప్రతి పోకూడదు.

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. మాస్టారి అభ్యంతరంలో బాధ ఉంది, ఆ బాధ న్యాయమైనదే. 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు వచ్చాయని ప్రకటించినప్పుడు ఆ పేర్లు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. కోట్ల మంది మాట్లాడే తెలుగు ఆ జాబితాలో లేదు. అంతకు ఆరేళ్ల ముందే, 2010లో, కినిగె తెలుగు ఈ-పుస్తకాల దుకాణం తెరిచింది. అంటే చదివేవాళ్లు లేరనడం కుదరదు. పెద్ద కంపెనీ ఎప్పుడో గుర్తిస్తుందని ఎదురుచూడటం ఒక దారి. మన పుట మనమే కూర్చుకోవడం రెండో దారి. ఆపరేటరు చెప్పేది రెండోది, నా ఓటు కూడా దానికే. అతని వాదంలో నాకు నచ్చింది, కూర్పు మళ్లీ తెలుగువాళ్ల చేతికొచ్చింది అన్నది. ఏ ఫాంటు బావుంటుంది, వరసల మధ్య ఎంత ఎడం ఉంటే కింది ఒత్తు పై గుడిని తాకదు, మాట ఎక్కడ విరిస్తే కన్ను తడబడదు అన్నవి దూరాన ఉన్న ఇంజనీరు తెలుగు కోసం ఆలోచించే సంగతులు కావు. వాటిని తేల్చాల్సింది తెలుగు చదివే కళ్లు. యంత్రం అమరిక అంటే మీటలు నొక్కి భాష ఎంచుకోవడం అనుకుంటాం. తెలుగుకు సంబంధించినంత వరకూ ఈ జేబు యంత్రం అమరిక అంటే అచ్చు పనే. ఆ పని బరువని మాస్టారు అంటున్నారు. నేను దాన్నే దీని విలువ అంటాను. మాస్టారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

మాస్టారు: వచనం వరకు నీ మాట నడుస్తుందేమో. పద్యం సంగతి చెప్పు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకు ఇరవై ఒకటి, శార్దూలానికి పంతొమ్మిది, మత్తేభానికి ఇరవై. నీ వరసకు పదిహేను. ప్రతి పాదమూ విరిగి, తోక కింద పడుతుంది. యతి ఎక్కడుందో, పాదం ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. పద్యాన్ని కన్ను చూడాలి, చెవి వినాలి. ఈ ఊరి ఆస్థానంలో వేంకట రామకృష్ణ కవులు, ఊరి బయట తిరుపతి వేంకట కవులు పద్యాలతో యుద్ధాలు చేసుకున్న నేల ఇది. ఇక్కడ విరిగిన పాదం చూపిస్తావా?

ఆపరేటరు: ఆయ్, విరగనివ్వనండి. యంత్రాన్ని అడ్డంగా తిప్పుతాను. అప్పుడు వరస పొడవు తొమ్మిది సెంటీమీటర్లు దాటుతుంది, అంటే పాతిక అక్షరాలు. చంపకమాల పాదం విరగకుండా పడుతుంది. ఎత్తు అయిదున్నర సెంటీమీటర్లు, ఎనిమిది వరసలు. నాలుగు పాదాల పద్యం, కింద తాత్పర్యం మొదలు, లేకపోతే రెండు పద్యాలు. సీసం సంగతి ఇంకా బావుంటుంది. సీస పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నిలువుగా పట్టుకున్నా మొదటి నాలుగు గణాలు ఒక వరస, తక్కిన నాలుగు ఇంకో వరస. సీసాన్ని అచ్చులో విరిచే చోటు కూడా అదే కదండీ. మీరే చెప్పండి, వెడల్పెక్కువ, ఎత్తు తక్కువ, పుటకు ఏడెనిమిది వరసలు. ఈ కొలత ఎక్కడ చూశాం మనం?

మాస్టారు: తాటాకు.

ఆపరేటరు: అదేనండి. గంటంతో రాసినవాళ్లు మాటకీ మాటకీ మధ్య చోటు కూడా వదల్లేదు. ఆకు చివరకొచ్చాక అక్షరం దగ్గర ఆపి, తరవాతి వరసలో అందుకున్నారు. నిలువు కూర్పులో పొడుగు మాట పట్టనప్పుడు నేనూ అదే చేస్తాను. ఒత్తును దాని అక్షరం నుంచి వేరు చేయకుండా, నిండు అక్షరం దగ్గర విరుస్తాను. అది కొత్తగా తెచ్చిన నియమం కాదు, మన లిపికి ఉన్న పాత అలవాటే.

మాస్టారు: సరే, కొలత గెలిచావు. పుటలో పోయడానికి పాఠం ఎక్కడిది? పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి ఉంచారంటారు. డెమీ సైజు పుట వెడల్పు అయిదున్నర అంగుళాలు. దాన్ని నీ తెరకు కుదిస్తే పన్నెండు పాయింట్ల అక్షరం అయిదు పాయింట్ల కన్నా చిన్నదవుతుంది, చీమల బారు. కొత్త పుస్తకాల ఫైళ్లు మీ డీటీపీ వాళ్ల దగ్గరే ఉన్నాయి, అన్నీ అను ఫాంట్లలో. అందులో ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషక్షరాల స్థానాల్లో అమర్చిన తెలుగు బొమ్మలు. మార్చబోతే సంయుక్తాక్షరాలు తారుమారవుతాయి. కంప్యూటరు చేత స్కాన్ చదివిస్తే మకారం యకారమవుతుంది, పకారం వకారమవుతుంది, అరసున్న అసలు కనబడదు. ‘వాఁడు’ కాస్తా ‘వాడు’ అవుతుంది. నీకది చిన్న చుక్క, నాకది పదం పుట్టుక. తప్పుల పుస్తకం ఒకటి జేబు జేబుకీ చేరితే దాన్ని వెనక్కి తెచ్చేదెవరు?

ఈ ప్రశ్నకు తేలిక జవాబు లేదు. మాస్టారు చెప్పిన మూడు చిక్కులూ ఉన్నవే, పైగా ఒకదాని మీద ఒకటి పేరుకున్నవి. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. అయినా ఆ తరవాత చాలా ఏళ్లపాటు మన అచ్చు పరిశ్రమ పాత ఫాంట్లతోనే నడిచింది. అందువల్ల నిన్నమొన్నటి పుస్తకం కన్నా వందేళ్ల నాటి పుస్తకమే ఒక్కోసారి శుభ్రమైన పాఠంగా దొరుకుతుంది. తెలుగు వికీసోర్స్ 2005 నుంచి పనిచేస్తోంది. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు స్కాన్ పుటను ఒకవైపు, టైపు పాఠాన్ని మరోవైపు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూస్తారు. అలా పూర్తయిన పుస్తకాన్ని ఎవరైనా ఈపబ్‌గా దించుకోవచ్చు. జేబు యంత్రానికి నిజమైన వనరు అదీ.

ఆపరేటరు: తప్పుల భయం నాకూ ఉందండి, బొమ్మగా కూర్చాక తప్పు కూడా గట్టిపడిపోతుంది కాబట్టి మరీను. అందుకే మొదట పుస్తకం కూర్చను, ఒక పరీక్ష పుట కూరుస్తాను. స్త్రీ, లక్ష్మి, కర్తృత్వం, ఉష్ట్రం, జ్ఞానం, కఱకు, వాఁడు. ఈ మాటలు తెర మీద నిలబడ్డాయంటే ఫాంటు పనికొస్తుంది. అంగుళానికి 220 చుక్కలు మాత్రమే కాబట్టి సన్నని గీతల ఫాంటు తెగిపోతుంది. గీత మందం అంతటా ఒకేలా ఉండే మండలి లాంటిది నిలుస్తుంది, అది ఉచితంగానే దొరుకుతోంది. అరసున్నకీ బండి ఱకీ యూనికోడ్‌లో చోటుంది. పోయేది వాటిని టైపు చేయని చేతుల వల్లే. ఇక ఏ పుస్తకాలంటారా? రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారు 1961లో పోయారు, 2022 జనవరి నుంచి ఆయన కథలు అందరివీ. పానుగంటి వారు 1940లోనే పోయారు. ఈ పిఠాపురం ఆస్థానంలో ఉన్న మనిషి రాసిన ‘సాక్షి’ ఉపన్యాసాలు విడివిడిగా చదువుకోదగ్గవి, కాకినాడ బస్సులో ఒక్కోటి అవుతుంది. కవి ఉమర్ ఆలీషా గారు 1945లో పోయారు. వీళ్లను జేబులో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. హక్కు ఇంకా తీరని పుస్తకం మాత్రం కొనాల్సిందే. తాళం వేసిన ఫైలు ఇలాంటి యంత్రంలో తెరుచుకోదు. కొన్నవాడికి తాళం లేని ఈపబ్ ఇవ్వమని ప్రచురణకర్తలను అడగాలి, దొంగకాపీ మాత్రం కూర్చను.

మాస్టారు: ఇదంతా నీకు చేతనవును. ఫైలు దించడం, ఫాంటు ఎంచడం, బొమ్మలు కట్టడం, కార్డు ఎక్కించడం. నూలు వడికే చేతులకి, బడి పంతులమ్మకి, ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దమనిషికి ఎలా వస్తుంది? వాళ్లు ఫోనులో సీరియల్ చూసుకుంటారు, నీ సాక్షి నీ జేబులోనే ఉంటుంది.

ఆపరేటరు: పాకెట్ నవల చదివినవాళ్లలో ఎవరైనా టైపు కూర్చుకున్నారా మాస్టారూ? కూర్పు ఊరికొకరు చేస్తే చాలు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. చదివేవాళ్లను పుస్తకం దగ్గరికి రమ్మనలేదు, పుస్తకాన్నే వాళ్ల రేవుకు తీసుకెళ్లారు. మన ఊళ్లో సూర్యరాయ విద్యానంద గ్రంథాలయం ఉంది. అలాంటి చోట ఒక కంప్యూటరు, సరిచూసిన పుస్తకాల కూర్పులు, మామూలక్షరాలతో ఒకటి, పెద్దక్షరాలతో ఒకటి ఉంచితే, యంత్రం ఉన్నవాళ్లు కార్డు తెచ్చి ఎక్కించుకుపోతారు. యంత్రం లేనివాళ్లకు గ్రంథాలయమే నాలుగు యంత్రాలు కొని పుస్తకంలాగే వారానికి అరువివ్వవచ్చు. విడుదలైనప్పుడు దాని ధర డెబ్బై డాలర్ల లోపే. అయితే ఒకటి, దీనికి సొంత దీపం లేదు. రాత్రి చదవాలంటే లైటు వేసుకోవాలి. తాకుడు తెర కూడా కాదు, పక్కనున్న మీటలతోనే పని. ఇవి ముందే చెప్పి ఇవ్వాలి.

మాస్టారు: నిఘంటువు కూడా ఎక్కిస్తానంటావా?

ఆపరేటరు: లేదండి. సూర్యరాయాంధ్రం ఇందులోకి రాదు, రాకూడదు కూడా. వెతకడం లేని చోట నిఘంటువు ఎందుకు? ఆంధ్రభారతి వారు దాన్ని ఇంటర్నెట్లో పెట్టారు, మాట కొట్టి అర్థం చూసుకోవచ్చు. సంపుటాలు బల్ల మీదే ఉండాలి. వ్యాఖ్యానాలతో ఉన్న ప్రబంధాలు, పట్టికలూ పటాలూ ఉన్న పుస్తకాలు కూడా దీనికి పనికిరావు. కథ, నవల, వ్యాసం, విడి పద్యం. నేను అడుగుతున్నది అంతవరకే.

మాస్టారు: అంతవరకైతే సరే, కానీ నా షరతు ఒకటుంది. ముందు శ్రీపాద కథ ఒకటి కూర్చు. పెద్దక్షరాలతో. పుటలు కట్టేముందు పాఠం మొత్తం కాగితం మీద ప్రింటు తీసి నాకివ్వు. పాత అచ్చు ప్రతి నా దగ్గరుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒక్క అరసున్న పోయినా వెనక్కి పంపుతాను.

ఆపరేటరు: ఎన్నిసార్లు పంపినా దిద్దుతానండి. వరసల మధ్య ఎడం కాస్త ఎక్కువే వదిలి ప్రింటు తీస్తాను, మీరు రాయడానికి చోటుండాలి కదా.